రక్తపరీక్ష చెప్పిన కబురు

కడప జిల్లాలో జమ్మలమడుగునకు పడమటగా, పెన్నానది యెఱ్ఱమల కొండలను నిలువున చీల్చుకొని పాఱుచోట, గండికోట యున్నది. గండి యనగా కొండల నడుమ నీటికి దారి యిచ్చిన సందు. ఆ గండి యంచున కట్టిన దగుటచే కోట కా పేరు వచ్చినది. కోటగోడల లోపలనే మా యూరు గలదు. జుమ్మా మసీదు, మాధవరాయస్వామి యాలయము, రంగనాథాలయము, పెద్ద ధాన్యాగారము, వీని నడుమనే మా యాటలన్నియు సాగినవి. 1652వ సంవత్సరమున టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు మీర్ జుమ్లాను చూచుటకై యిక్కడికి వచ్చి, ఇది చేరుటకు మిక్కిలి కష్టమైన దుర్గమని వ్రాసెను. ఇప్పుడు మంచి బాట యున్నది, బస్సు వచ్చును, సెలవు దినములలో యాత్రికులు గుంపులుగా వత్తురు. కాని జబ్బుపడిన బిడ్డతో పెద్దవైద్యుని యొద్దకు పోవలసిన తల్లికి మాత్రము కడప నేటికిని దూరమే.

నాకు పదునొకండవ యేట మొదటి రకపు మధుమేహము వచ్చెను. ఎంత నీరు త్రాగినను దాహము తీఱకుండుట, రాత్రి పలుమాఱులు లేచుట, కడుపునిండ తినుచుండియు చిక్కిపోవుట, ఇవన్నియు ఒక్క నెలలోనే కనబడినవి. తాను పెట్టిన బెల్లమే దీనికి కారణమని మా యవ్వ చాల దినములు కన్నీరు పెట్టుకొనెను. బెల్లమునకును ఈ జబ్బునకును సంబంధము లేదు. తఱచుగా పెద్దవయసువారికి వచ్చు రెండవ రకపు మధుమేహము వేఱు, ఇది వేఱు. మన శరీరములో రోగక్రిములను వెదకి చంపు రక్షకకణములు కలవు. అవి యొక్కొక్కప్పుడు పొరబడి, క్లోమములో ఇన్సులిన్ తయారుచేయు కణములనే పగవారని భావించి నాశనము చేయును. ఇన్సులిన్ లేనిచో నెత్తురులోని చక్కెర శరీరకణములలోనికి చాలినంత పోజాలదు. కోట తలుపులు మూసియున్నప్పుడు వెలుపల బండ్లకొలది ధాన్యము నిలిచియున్నను లోపలివారు పస్తుండవలసినదే గదా!

1922వ సంవత్సరము జనవరి నెలలో కెనడా దేశపు టొరంటో నగరమున పదునాలుగేండ్ల బాలునికి మొట్టమొదట ఇన్సులిన్ సూది వేసిరి. అంతకు పూర్వము ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువకాలము బ్రదుకలేదు. నేను బ్రదికితిని. మా యింట అప్పుడు మంచుపెట్టె లేదు. మా యమ్మ పెద్దకుండలో ఇసుక పోసి తడిపి, అందులో చిన్నముంత నుంచి, ఇన్సులిన్ బుడ్డిని నీరు తగులకుండ ఆ ముంతలో దాచుచుండెను. రాళ్ళు సయితము కాగు మా యెండలలో ఆ బుడ్డిని చల్లగా నుంచుటయే ఒక సేద్యమువలె నుండెను.

ఇట్లు మూడేండ్లు గడచినవి. తొమ్మిదవ తరగతిలో చేరిన పిమ్మట నా శరీరమున ఒక వింతమార్పు కనబడెను. వేసికొను మందు అంతే, తినుతిండి అంతే, నడచు దారి అంతే. అయినను రాత్రులయందు చక్కెర పడిపోసాగెను. చెమటపట్టి వణకుచు లేచువాడను. అమ్మ చక్కెరనీరు త్రాగించును. వారమున కొకమాఱు వచ్చునది మూడుమాఱులు రాజొచ్చెను. పగలు తరగతిలో కన్నులు మూతలు పడుచుండెను. బడిలో నన్ను సోమరి యనిరి. చర్మము పొడిబాఱినది. ఫాల్గుణము దాటి వడగాలి వీచు దినములలో గూడ నాకు రాత్రి దుప్పటి కావలసివచ్చినది. మఱియొక సంగతి గలదు. ఆ యేడు నా లాగులు పొట్టికాలేదు. క్రొత్తబట్టలు కొననక్కఱలేదని యింటిలో దానిని మేలుగానే యెంచిరి. పెరుగవలసిన వయసులో బాలుడు పెరుగకపోవుట యొక కబురని ఎవ్వరికి తోచును?

కడపలోని వైద్యురాలికి తోచినది. ఆమె నా యెత్తును పాత కాగితముతో సరిచూచి, రాత్రి చక్కెర పడిపోవుటను గూర్చి యడిగి, గొంతును మెల్లగా తడవి, అవటు గ్రంథికి సంబంధించిన రక్తపరీక్ష చేయింపుమనెను. అవటు గ్రంథి నే మనమందఱము థైరాయిడ్ అందుము. అది గొంతు ముందుభాగమున సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుండును. శరీరము ఎంత వేగముగా పనిచేయవలెనో నిర్ణయించుటలో దానికి పెద్దపాలు గలదు. గుండె వేగము, ఒంటివేడి, పిల్లల పెరుగుదల, ప్రేగుల కదలిక, వీని యన్నింటి మీదను దాని ప్రభావము కలదు. ఆ గ్రంథి మందగించినచో ఇన్సులిన్ శరీరమునుండి త్వరగా తొలగిపోదు. చక్కెర తఱిగినప్పుడు కాలేయము కొత్తగా చక్కెరను చేసి యిచ్చు శక్తియు తగ్గును. కావుననే నిన్నటి మోతాదు నేటికి ఎక్కువైపోవును. నా రాత్రుల వణకునకు అర్థమిదియే.

పరీక్షాశాల యొకదానిలో, మఱునాడు ఏమియు తినక పరగడుపున రావలెనని చెప్పిరి. అమ్మయు నేనును తెల్లవాఱకముందే బయలుదేఱితిమి. బస్సు జమ్మలమడుగు దాటకమునుపే నా చేతులు వణకసాగినవి, ఎదుట కూర్చున్నవారి ముఖములు రెండేసిగా కనబడినవి. అమ్మ కొంగుముడి విప్పి నా నోట చక్కెర పోసెను. ప్రక్కనున్న రైతు తన సంచిలోని అరటిపండు తీసియిచ్చెను. అది జరిగిన తరువాత వైద్యురాలు చెప్పిన మాట నేటికిని మఱువలేదు. అవటు గ్రంథి పరీక్షకు సాధారణముగా పస్తుండ నక్కఱలేదు. దానితోపాటు పరగడుపున చేయవలసిన వేఱు పరీక్ష యున్నచో, ఇన్సులిన్ వేసికొను పిల్లలు ముందుగా తమ వైద్యుని యడిగి, ఆ పూట మందును ఎట్లు సవరించుకొనవలెనో తెలిసికొనియే బయలుదేఱవలెను. ఊరికి దూరముగా నున్నవారికి ఇది చిన్న విషయము కాదు.

నాలుగవ దినమున పత్రము వచ్చెను. అందు రెండు వరుసలు. మొదటిది టి.ఎస్.హెచ్., 8.6. దాని ప్రక్కన ఉండదగిన హద్దులు 0.4 మొదలు 4.0 వఱకు అని యచ్చువేసి, అంకెకు ఎదురుగా ‘హెచ్చు’ అను గుఱుతు పెట్టియుండిరి. రెండవది ఫ్రీ టి-4. అది హద్దులలోనే యుండెను. అమ్మ ఆ గుఱుతును చూచి, “థైరాయిడ్ హెచ్చినదా?” అని యడిగెను. వైద్యురాలు నవ్వి, “కాదమ్మా, మీవాని గ్రంథి మందగించుచున్నది. అందుచేతనే ఆ యంకె పెరిగినది” అనెను. అమ్మ మఱింత కలవరపడెను. అంకె పెరుగుట తగ్గుదలకు గుఱుతెట్లగును?

ఆ చిక్కును విప్పినవాడు మా తాత. వైద్యురాలు చెప్పిన మాటలను నేను ఇంటికి వచ్చి ఒక్కొక్కటిగా చెప్పితిని. తలలో, మెదడునకు అడుగున, పీయూష గ్రంథి యని సెనగగింజంత గ్రంథి యున్నదనియు, టి.ఎస్.హెచ్. అచ్చటినుండి వచ్చు ఆజ్ఞ యనియు, ఆ యాజ్ఞను విని అవటు గ్రంథి టి-4 ను తయారుచేయు ననియు వివరించితిని. తాత చుట్ట ప్రక్కన పెట్టి, “అట్లయిన ఇది మన కపిల వంటిదే గదా, నాయనా!” అనెను.

నేటి పిల్లలు కపిల నెఱుగరు. కరెంటు మోటారులు రాకమునుపు రాయలసీమలో బావినీటిని ఎద్దులచేత చేదించెడివారు. పెద్దబానకు మోకు కట్టి, ఆ మోకును ఎద్దుల కాడికి తగిలించి, వానిని పల్లమునకు తోలుదురు. బాన పైకి వచ్చి నీరు కాలువలో పడును. కపిల తోలువాడు కాలువవైపు చూచుచునే యుండును. నీరు బాగుగా పాఱుచున్నచో పాట పాడుకొనుచు మెల్లగా అదలించును. ఎద్దులు అలసి నీరు తగ్గసాగినచో గొంతెత్తి యఱచును. నీరు గట్టులు త్రెంచుకొని పాఱుచున్నచో నోరుమూసికొని కూర్చుండును. పీయూష గ్రంథి ఆ తోలువాడు, అవటు గ్రంథి ఎద్దు, టి-4 కాలువలోని నీరు, టి.ఎస్.హెచ్. వాని కేక. మా తాత చదివినది మూడవ తరగతి. నేను తరువాత చదివిన పుస్తకములలో దీనికంటె తేటయైన వివరణము కనబడలేదు.

ఆ పోలికతో చూచిన నా పత్రము దానంతట అదియే విడిపోయెను. కేక పెద్దదైనది, నీరు ఇంకను సరిగానే పాఱుచున్నది. అనగా ఎద్దు అలయుచున్నది, కాని అదలింపునకు లొంగి పని నెట్టుకొని వచ్చుచున్నది. ఈ స్థితిలో వెంటనే మందు వేయవలెనను నియమము లేదు. కొందఱికి కొన్నినెలలలో అంకె తానే దిగివచ్చును. కేకయు పెద్దదై నీరును తగ్గినచో గ్రంథి నిజముగా ఓడినదని యర్థము. కేక బొత్తిగా అడగి నీరు పొంగుచున్నచో గ్రంథి మితిమీఱి పనిచేయుచున్నది. అట్టివారికి గుండె దడదడలాడును, ఒళ్ళు చిక్కును, ఎంత ఇన్సులిన్ వేసినను చక్కెర అదుపులోనికి రాదు. నీరును లేక కేకయు లేక యున్నచో తోలువానికే జబ్బు చేసినదేమో చూడవలెను. అది అరుదు.

“ఎద్దు ఎందుకు అలసినదో కాడి యెత్తి చూడవలదా?” అని తాత యడిగెను. వైద్యురాలు అది కూడ చూచెను. మూడవ పరీక్ష యొకటి గలదు. అవటు గ్రంథికి విరుద్ధముగా శరీరము తయారుచేసికొన్న ప్రతిరక్షకములు నెత్తురులో నున్నవా లేవా యని అది చెప్పును. నా నెత్తురులో అవి మెండుగా నుండెను. కాడి క్రింద పుండు కనబడినది. నా క్లోమమును పాడుచేసిన పొరపాటే గొంతులోని గ్రంథి మీదికిని మఱలినది. ఇది నా యొక్కనికి వచ్చిన వింత కాదు. మొదటి రకపు మధుమేహము గలవారిలో నూటికి 17 మొదలు 30 మంది వఱకు ఇట్టి అవటు గ్రంథి జబ్బు కనబడునని వైద్యులు లెక్కకట్టిరి. కావుననే మధుమేహము బయటపడి, చక్కెర కొంత కుదుటబడిన వెంటనే ఈ పరీక్ష చేయవలెననియు, తరువాత ఏ బాధయు లేకున్నను ఏడాదికో రెండేండ్లకో ఒకమాఱు, అనుమానము కలిగిన అంతకంటె ముందుగానే, మఱల చేయవలెననియు వారు చెప్పుదురు.

కుదుటబడిన వెంటనే యనుటలో ఒక మర్మమున్నది. చక్కెర మితిమీఱి, వాంతులతో, ఆయాసముతో బిడ్డ ఆసుపత్రిలో పడియున్నప్పుడు తీసిన నెత్తురు అవటు గ్రంథిని గూర్చి నిజము చెప్పకపోవచ్చును. ఊరిలో పెద్ద ఆపద వచ్చిననాడు కపిల తోలువాడును పని మాని కూర్చుండును. ఆనాటి నిశ్శబ్దమును చూచి ఎద్దుకు జబ్బనరాదు.

ఈ పరీక్ష పుట్టుక యందును మా జబ్బునకు పాలున్నది. ఈ సంగతి తెలిసిననాడు నాకు కలిగిన సంతోషమింతంత కాదు. టి.ఎస్.హెచ్. నెత్తురులో నుండు పరిమాణము మిక్కిలి స్వల్పము. ఏ త్రాసును దానిని తూచలేదు. న్యూయార్కు నగరమున రోజలిన్ యాలో అను భౌతికశాస్త్రజ్ఞురాలును, సాలమన్ బెర్సన్ అను వైద్యుడును కలిసి పనిచేయుచు, ఇన్సులిన్ సూదులు వేసికొనువారి నెత్తురులో ఆ ఇన్సులిన్‌ను పట్టుకొను ప్రతిరక్షకములు పుట్టుచున్నవని కనుగొనిరి. 1956వ సంవత్సరమున దానిని ప్రకటించిరి. శాస్త్రజ్ఞులు కొందఱు మొదట నమ్మలేదు. వారు దానితో ఆగక, పట్టుకొను గుణమున్న ఆ ప్రతిరక్షకములనే కొలతపాత్రగా మార్చి, నెత్తురులోని ఇన్సులిన్‌ను కొలుచు విధానమును 1960 నాటికి సిద్ధపఱచిరి. ఆ దారినే తరువాత టి.ఎస్.హెచ్. మొదలగు అనేక స్రావములను కొలువసాగిరి. బెర్సన్ 1972లో మరణించెను. 1977లో యాలోకు నోబెల్ బహుమానము వచ్చెను. మధుమేహరోగుల చేతులనుండి తీసిన నెత్తుటినుండియే, గొంతులోని గ్రంథి మాట వినుటకు చెవి దొరకినదన్నమాట.

గ్రంథి మీద శరీరము తానే దాడిచేయునను తలపు కూడ ఆ కాలముననే స్థిరపడినది. హషిమోతో హకారు అను జపాను వైద్యుడు 1912లో నలుగురు రోగుల అవటు గ్రంథులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, అవి తెల్లకణములతో నిండియున్నవని వ్రాసెను. కారణము తెలియుటకు నలువది నాలుగేండ్లు పట్టెను. 1956లో లండను నగరమున డెబొరా డోనియాక్, ఐవన్ రోయిట్ మొదలగువారు అట్టి రోగుల నెత్తురులో అవటు గ్రంథికి విరుద్ధమైన ప్రతిరక్షకములను చూపిరి. 1974లో డోనియాక్ తన తోడివారితో గూడి, మధుమేహము గల కొందఱి నెత్తురులో క్లోమపు కణములకు విరుద్ధమైన వానిని గూడ చూపినది. నా రెండు జబ్బుల కథయు ఒక్క స్త్రీ పరిశోధనలో కలిసియుండుట నాకు ఆశ్చర్యముగా తోచును.

మా వీథిలోని పెద్దమ్మ యొకతె నా సంగతి విని, “అయొడిను ఉప్పు ఎక్కువగా తినిపించుడు, గొంతు జబ్బు పోవును” అని చెప్పెను. ఆమె మాట ఊరక పుట్టినది కాదు. అయొడిను కొఱతచే గొంతువాచు జబ్బు వేలకొలది గ్రామములను పీడించిన దేశము మనది. శ్రీకాకుళమున 1921లో పుట్టి, విశాఖపట్నమున వైద్యము చదివిన వులిమిరి రామలింగస్వామి గారు 1956 మొదలుకొని హిమాలయముల యంచున కాంగ్రా లోయలో అయొడిను చేర్చిన ఉప్పును ప్రజలకిచ్చి, కొన్నేండ్లలో గొంతువాపు తగ్గుటను లెక్కలతో నిరూపించిరి. 1962లో దేశమంతటికిని గొంతువాపు నివారణ పథకము వచ్చెను. మన వంటింటి ఉప్పు పొట్లము వెనుక ఒక తెలుగువాని శ్రమ యున్నది. అయితే నా జబ్బు కొఱతవలన వచ్చినది కాదు, దాడివలన వచ్చినది. దీనికి ఇంటిలో అందఱు వాడు ఉప్పే చాలును. అయొడిను మితిమీఱినచో ఇట్టి గ్రంథికి కీడును కలుగవచ్చును.

మూడునెలల తరువాత చేసిన పరీక్షలో టి.ఎస్.హెచ్. 14కు పెరిగెను, టి-4 హద్దుకు దిగువనకు జాఱెను. అప్పుడు మాత్ర వేయుట ప్రారంభించిరి. ఆ మాత్రలో నున్నది గ్రంథి చేయవలసిన టి-4 యే. 1914లో కెండల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దానిని మొదట వేఱుచేసెను, 1927 నాటికి దానిని ప్రయోగశాలలో తయారుచేయుట నేర్చిరి. “రెండవ జబ్బు, రెండవ మందు” అని అమ్మ నిట్టూర్చెను. నాకు మాత్రము, దినమునకు పలుమాఱులు సూది గ్రుచ్చుకొనువానికి ఒక చిన్నమాత్ర బరువని తోచలేదు. పరగడుపున మంచినీటితో వేసికొని, అరగంట మొదలు గంట వఱకు ఏమియు తినక ఆగవలెను. ఇనుము, సున్నము గల మాత్రలను దానికి నాలుగు గంటలైనను దూరముగా నుంచవలెను.

పదిదినములకే నేను మఱల పరీక్ష చేయింప గోరితిని. వైద్యురాలు వలదనెను. టి-4 నెత్తురులో సగమునకు తఱుగుటకే ఒక వారము పట్టును. కాలువలోనికి వేఱొక బావినీరు మళ్ళించిన వెంటనే తోలువాడు కేకలు మానడు, కొంతకాలము అలవాటున అఱచుచునే యుండును. ఆఱు వారములైనను గడచిన పిమ్మట చూచినగాని అంకె నమ్మదగదు. ఆఱు వారములు గడచెను. అంకె 5కు దిగెను, తరువాత 3కు. రాత్రి వణకులు తగ్గినవి. మఱి ఇన్సులిన్ మోతాదు కొంచెము పెంచవలసివచ్చెను. గ్రంథి పని కుదురుటతో ఇన్సులిన్ మునుపటివలె త్వరగా తొలగిపోసాగినది. ఇది తెలియనివారు చక్కెర పెరిగినదని భయపడుదురు. ఆ వేసవిలో నా లాగులు రెండును ఒకేమాఱు పొట్టియైనవి. అమ్మ వాని అంచులు విప్పుచు ఈసారి ఏమియు విసుగుకొనలేదు.

నేడు నేను ఉపాధ్యాయుడను. పత్రములను చదువుటయందు నాకు కొంత అలవాటు కలిగినది. అంకె కంటె ముందుగా ఆ పరీక్షాశాల హద్దులను చూతును, ఏలయన అవి చోటును బట్టియు, వయసును బట్టియు కొంత మారును. ఒకచోట మైక్రో యూనిట్లు మిల్లీలీటరునకు అనియు, వేఱొకచోట మిల్లీ యూనిట్లు లీటరునకు అనియు నుండును, అవి రెండును ఒకటే. టి.ఎస్.హెచ్. తెల్లవాఱుజామున హెచ్చి మధ్యాహ్నము తగ్గును గనుక, ప్రతిసారియు ఇంచుమించుగా ఒకే వేళకు నెత్తురిత్తును. జుట్టు ఊడకుండుటకై అమ్ము మాత్రలలో తఱచుగా బయోటిన్ అను విటమిను ఎక్కువగా నుండును. అది శరీరమునకు కీడు చేయకున్నను కొన్ని యంత్రములను మోసగించి, లేని జబ్బును పత్రములో చూపగలదు. అట్టివి వాడువారు నెత్తు రిచ్చుటకు ముందే చెప్పవలెను.

మా బడిలో ఆఱవ తరగతి చదువు బాలిక యొకతెకు క్రిందటి యేడు నా జబ్బే వచ్చినది. మొన్న ఆమెకు మొదటిసారిగా అవటు గ్రంథి పరీక్ష వ్రాసిరి. ఆమె తల్లి కాగితము పట్టుకొని నా యొద్దకు వచ్చి, “సారూ, పాపను పస్తుతో తీసికొనిపోవలెనా?” అని యడిగెను. పరగడుపు పరీక్ష వేఱొకటి అందు వ్రాసియున్నదా యని చూచితిని. లేదు. మఱునాడు ఉదయము ఆ బాలిక ఇన్సులిన్ వేసికొని, రెండు జొన్నరొట్టెలు తిని, సంచిలో అరటిపండు పెట్టుకొని, తల్లి చేయి పట్టుకొని కోట వాకిట బస్సెక్కెను.